సూర్యుడు ఎంత జరిగితే అద్దం ఎంత జరగాలె?

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు ఫిలింనగర్‌లో సైన్స్ ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఒక జర్నలిస్టును పట్టుకొచ్చి సైన్స్ టీచర్ల ముందు నిలబెట్టుడేందని మీకు అనిపించొచ్చు. నాకు కూడా అనిపించింది. నేను బీఎస్సీ ఎంపీసీ చదివిన. 2007ల చేరి 2010ల బయటపడ్డ. ఆఖరి ఏడాది క్లాసులల్ల కంటే రోడ్ల మీదనే ఎక్కువున్న. 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు నడిచినప్పుడు నాకు చదువు చెప్పిన సార్లే బడులు బంద్ పెట్టి మా పక్కన బైఠాయించిండ్రు. ఆ ముచ్చట ఇంకోసారి చెప్పుకుందాం. ఇయ్యాల చెప్పేది దాని తర్వాతి సంగతి. బీఈడీ చేసి, 2015 నుంచి 2017 దాకా రెండేండ్లు ఈ గుట్టల కింద ఒక సర్కారు హైస్కూల్ల విద్యా వలంటీరుగా భౌతికశాస్త్రం చెప్పిన. ఆ బడి పేరు చెప్పను. తప్పులు నావి, బడివి కావు.

ఇయ్యాల సైన్స్ దినం. 1928 ఫిబ్రవరి 28న సి.వి. రామన్ కాంతి గురించి కనిపెట్టిన సంగతికి యాదిగా 1987 నుంచి ఈ రోజు జరుపుకుంటున్నం. ఫోటోకు దండేస్తం, పిల్లలతోని ఉపన్యాసం చదివిస్తం, బిస్కెట్ ప్యాకెట్లు పంచుతం. నేను కూడా కాంతి దగ్గరనే మొదలు పెడుత.

మా బడిల సైన్స్ గదికి ఒక ఇనుప బీరువా ఉండె. దాని తాళంచెవి హెడ్మాస్టర్ టేబుల్ సొరుగుల ఉండె. మొదటి నెల ఆ తాళంచెవి అడగనే లేదు. రెండో నెల అడిగిన. తెరిస్తే ఏమున్నది? పాత పేపర్ల చుట్టిన పట్టకం, రెండు కటకాలు, డబ్బా విప్పని వోల్ట్ మీటర్లు, మూతి పగిలిన బీకరు. అన్నిటి మీద తెల్ల పెయింటుతోని నంబర్లు. ఆ నంబర్లు స్టాక్ రిజిస్టర్ల ఉంటయి. బీకరు పలిగితే రిజిస్టర్ల రాయాలె, రాస్తే జవాబు చెప్పాలె. అందుకే ఏ సారూ ముట్టడు. పిల్లల చేతుల్ల పలగాల్సిన సామాను బీరువాలనే ముసలిదైతున్నది. ఇండ్ల నవ్వేటోళ్ళు నవ్వుతున్నరు గని, మీ బీరువాలు ఎట్లున్నయో మీకే ఎరుక.

సరే. ఎనిమిదో తరగతికి కాంతి పరావర్తనం పాఠం. బోర్డు మీద అద్దం గీసిన, లంబం గీసిన, బాణం గుర్తులు పెట్టిన. పతన కోణం పరావర్తన కోణానికి సమానం. అందరితోని మూడు మాట్ల చెప్పించిన. నోటుబుక్కుల రాయించిన. బొమ్మ కింద గీత కొట్టించిన. మంచిగ చెప్పిన్నని నాకు నేనే అనుకున్న.

అప్పుడు మూడో బెంచీల నుంచి ఒక పిల్ల లేచింది. వాళ్ళ నాయిన సినిమా షూటింగులల్ల లైట్‌మెన్. క్లాసుల నోరు తెరిచే పిల్ల కాదు. ‘సార్, మా నాయిన వెలుగు బోర్డు పట్టుకుంటడు సార్. సూర్యుడు ఎంత జరిగితే బోర్డు అంత జరపొద్దంట. సగమే జరపాల్నంట. లేకుంటే వెలుగు హీరోయిన్ మొఖం దాటి పోతదంట. సగమే ఎందుకు సార్?’ అన్నది.

నాకు జవాబు తెల్వదు. తెల్వదని చెప్పిన్నా? చెప్పలే. ‘అది సిలబస్‌ల లేదు, కూసో. ముందుగాల నియమం నేర్చుకో’ అన్న. పిల్ల కూసున్నది. తెల్లారి లఘు పరీక్ష పెట్టిన. నియమం రాయమంటే ఆ పిల్ల ‘వచ్చిన లెక్కనే పోతది’ అని రాసింది. అయిదింటికి ఒకటి వేసిన.

ఆ రాత్రి నిద్ర పట్టలే. లేచి గోడ అద్దం తీసి, కోణమానిని పెట్టి, కాగితం మీద గీసుకుంట కూసున్న. చూడుండ్రి, సూర్యునికీ హీరోయిన్ మొఖానికీ నడుమ కోణం 60 డిగ్రీలనుకుందాం. బోర్డుకు నిలువుగా గీసిన లంబం ఆ కోణాన్ని సరిగ్గ సగానికి కొయ్యాలె, అటు 30, ఇటు 30. నియమం చెప్పేది గదే గద! ఇప్పుడు సూర్యుడు 20 డిగ్రీలు జరిగిండు. మొఖం ఉన్న కాడనే ఉన్నది. మొత్తం కోణం 80 అయింది. సగం ఎంత? 40. అంటే లంబం 30 నుంచి 40కి వచ్చింది, 10 డిగ్రీలే జరిగింది. సూర్యుడు 20, బోర్డు 10. గంటకు సూర్యుడు 15 డిగ్రీలు జరుగుతడు. ఆ లెక్కన బోర్డు ఏడున్నర. పిల్ల చెప్పింది అచ్చంగ నిజం.

నేను చెప్పింది నియమం. ఆ పిల్ల చెప్పింది ఆ నియమం చేసే పని. నడిసముద్రంల ఓడ ఏడున్నదో తెలుసుకునేందుకు నావికులు వాడిన సెక్స్‌టెంట్ అనే పరికరం కూడా ఈ సగం లెక్క మీదనే నడుస్తది. దాని చాపం 60 డిగ్రీలే ఉంటది గని, గుర్తులు మాత్రం 120 దాకా కొడుతరు. అద్దం ఒక డిగ్రీ తిరిగితే కిరణం రెండు డిగ్రీలు తిరుగుతది కాబట్టి. దేశాల నడుమ సముద్రాలు దాటించిన లెక్కను ఫిలింనగర్ బస్తీల ఒక లైట్‌మెన్ చేతులతోని నేర్చుకున్నడు. ఆయన బిడ్డ చూసి నేర్చుకున్నది. డిగ్రీ ఉన్న నేను కూసోమన్న.

తెల్లారి బడికి పోయి క్లాసుల అందరి ముందు చెప్పిన, నాకు నిన్న తెల్వదు, ఈ పిల్ల చెప్పిందే నిజమని. ఇద్దరికి అద్దాలిచ్చి ఎండల నిలబెట్టిన. గోడ మీద సుద్దతోని మొఖం గీసి, వెలుగు దాని మీద నుంచి జారకుండ చూడమన్న. అంతవరకు బాగనే ఉన్నది. ఆ ఒక్క మార్కు సంగతి? మార్కులు రిజిస్టర్ల ఎక్కినయి, కొట్టివేతలుంటే తనిఖీల అడుగుతరని నేను దిద్దలే. అయిదేసి ఉంటే ఎవడు ఉరేస్తడు? అప్పుడు ఆ ధైర్యం లేకపోయింది. ఇయ్యాల ఇక్కడ చెప్పుకుంటున్న.

రిచర్డ్ ఫైన్మన్ అని అమెరికా భౌతిక శాస్త్రవేత్త, నోబెల్ వచ్చినాయన, 1950ల మొదట్ల బ్రెజిల్ దేశంల పాఠాలు చెప్పిండు. అక్కడి విద్యార్థులు కాంతి ధ్రువణం గురించి పుస్తకంల ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పిండ్రట. కిటికీల నుంచి కనిపించే సముద్రం నీళ్ళ మీద పడి వచ్చే వెలుగును పోలరాయిడ్ ముక్కతోని చూడుండ్రి అంటే మాత్రం, తాము చదివిందీ ఈ నీళ్ళ మెరుపూ ఒకటే అని వాళ్ళకు తట్టలేదట. ఈ సంగతి ఆయన 1985ల వచ్చిన తన పుస్తకంల రాసుకున్నడు. నేను చదివింది బడి వదిలేసినంక. ముందే చదివి ఉంటే, రాత్రంత అద్దంతోని కొట్లాట తప్పేది.

కొవ్వొత్తి సంగతి ఇంకా అన్యాయం. పళ్ళెంల నీళ్ళు పోసి, నడుమ కొవ్వొత్తి ముట్టించి, మీద గాజు గ్లాసు బోర్లిస్తం. కొవ్వొత్తి ఆరిపోతది, నీళ్ళు గ్లాసులకెక్కుతయి. మనమేం చెప్తం? ఆక్సిజన్ అయిపోయింది, గాలిల అయిదో వంతు ఆక్సిజన్ ఉంటది, అందుకే నీళ్ళు అయిదో వంతు ఎక్కినయి. నాకు మా సారు ఇదే చెప్పిండు, నేను మా పిల్లలకు ఇదే చెప్పిన. ఒక పిలగాడు ఇంటికాడ మూడు కొవ్వొత్తులు పెట్టి చేసొచ్చిండు. ‘సార్, ఒకటి పెట్టిన దానికంటే నీళ్ళు చాన ఎక్కువ ఎక్కినయి. అదే గ్లాసు సార్. ఆక్సిజన్ ఎక్కడికెళ్ళి వచ్చింది?’

మీల ఎంతమంది ఇది చేసి చూసిండ్రు? చేతులెత్తమని అడుగను.

అసలు సంగతేందంటే, మంట వేడికి గ్లాసుల గాలి ఉబ్బి కొంత బయటికి పోతది. సరిగ్గ చూస్తే గ్లాసు అంచుకాడ బుడగలు కనిపిస్తయి. మంట ఆరినంక లోపలి గాలి సల్లబడి ముడుసుకుపోతది, బయటి గాలి నీళ్ళను లోపటికి నూకుతది. మూడు కొవ్వొత్తులైతే వేడి ఎక్కువ, ఉబ్బుడు ఎక్కువ, ముడుసుకునుడు ఎక్కువ. ఆక్సిజన్ మొత్తం అయిపోయే దాకా కొవ్వొత్తి ఆగదు, చాన మిగిలుండంగనే ఆరిపోతది. అయిదో వంతు అనేది మనం ముందే అనుకొని, కండ్లు మూసుకొని చూసిన లెక్క. లండన్‌ల మైకేల్ ఫారడే 1860 చలికాలంల పిల్లలకోసం ఒక్క కొవ్వొత్తి మీదనే ఆరు ఉపన్యాసాలు ఇచ్చిండు. ఆయన పుస్తకాలు బైండింగ్ చేసే కాడ పనినేర్చుకున్న పిలగాడు. మనం అదే కొవ్వొత్తిని ఒక పీరియడ్ల ఆర్పేస్తున్నం, అదీ తప్పు కారణం చెప్పి.

మాట సంగతికొస్త. ఆ లైట్‌మెన్ బిడ్డ అంతదాక క్లాసుల ఎందుకు మాట్లాడలేదు? తర్వాత తెలిసింది. ఆరో తరగతిల ఒకసారి మేఘం అనాల్సిన కాడ ‘మొగులు’ అన్నదట, క్లాసు క్లాసంత నవ్విందట. చెప్పే సారు కూడా నవ్విండట. మన మాటను నవ్వించెటోనికో, కత్తి పట్టుకున్న రౌడీకో ఇచ్చిన సినిమాలు ఎన్నో ఈ గుట్టల మీదనే తయారైనయి, మీకు కొత్తగ చెప్పాల్సింది లేదు. 2017ల ఫిదా, 2023ల బలగం వచ్చినంక తెర మీద సంగతి కొంత మారింది. నల్లబల్ల ముందట మారిందా? మా క్లాసుల పాలమూరు కెళ్ళి వచ్చినోళ్ళున్నరు, శ్రీకాకుళం కెళ్ళి వచ్చినోళ్ళున్నరు, ఇంట్ల ఉర్దూ మాట్లాడేటోళ్ళున్నరు. శ్రీకాకుళం పిలగాడు మాట్లాడితే మనోళ్ళే నవ్విండ్రు. ఆ నవ్వు ఎవరు నవ్వినా క్లాసుల ఒక నోరు మూతబడుతది.

ఘర్షణ పాఠం చెప్పినప్పుడు నేను ఒక పని చేసిన. ఘర్షణ అనే మాట వారం దాక పలకలే. చేతులు రుద్దుకోమన్న, ఇటుకను నేల మీద, పాలిథిన్ కవర్ మీద గుంజమన్న. ఏమైతున్నదో మీ మాటల్ల చెప్పుండ్రి అన్న. ‘ఒరుసుకుంటున్నది సార్’ అని ఒకరు, ‘పట్టుకుంటున్నది’ అని ఒకరు, ‘రగడ్’ అని ఇంకొకరు. అన్నీ బోర్డు మీద రాసిన. వారం తర్వాత, దీన్నే పుస్తకంల ఘర్షణ అంటరు అని చెప్పిన. ఆ ఒక్క మాట ఎవరూ మర్చిపోలే. ముందు మాట ఇచ్చి తర్వాత వస్తువు చూపిస్తే వస్తువు కనబడదు. నా రెండేండ్ల అనుభవంల గట్టిగ చెప్పగలిగింది ఇదొక్కటే.

తెలుగుల సైన్స్ చెప్పుడు కొత్తదేం కాదు. 1906ల ఈ హైదరాబాద్‌లనే విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది, శాస్త్ర గ్రంథాలు తెలుగుల అచ్చేసింది. 1918ల ఉస్మానియా పెట్టినప్పుడు ఉర్దూల సైన్స్ చెప్పేటందుకు దారుల్ తర్జుమా అనే అనువాద శాఖనే నడిపిండ్రు. 2022-23 నుంచి మన సర్కారు బడులల్ల ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఒక పేజీ తెలుగు అచ్చేసిండ్రు. ఇంగ్లిష్ వద్దనేటోన్ని కాదు నేను. ఎత్తు మీద ఉన్నోళ్ళ పిల్లలు ఇంగ్లిష్‌ల చదివి, కింద ఉన్నోళ్ళ పిల్లలను తల్లిభాషల చదువుకోమనే నీతి నాకు నచ్చది. కాని ‘వచ్చిన లెక్కనే పోతది’ అనే మాటకు అటు పేజీలనూ చోటు లేదు, ఇటు పేజీలనూ లేదు. ఆ మాటను మోసుకొచ్చేది టీచరొక్కడే.

మీరు అడుగుతరు, నాకు ఎరుకే: టైమేది? సిలబస్ ఎప్పుడు అయిపోవాలె? 2014-15 నుంచి పదో తరగతికి బయటి పరీక్ష 80, లోపలి మదింపు 20 అని పెట్టిండ్రు. ఆ ఇరువైల పిల్లల భాగస్వామ్యం, రాత పని, ప్రాజెక్టు, లఘు పరీక్ష. కాగితం మీద చాన మంచి ఆలోచన. జరిగిందేంది? ప్రాజెక్టు అంటే జిరాక్స్ సెంటర్‌ల తీసిన నాలుగు కాగితాలు, మీద రంగు కవరు. ఒకే తప్పు నలభై ప్రాజెక్టులల్ల. నేను కూడా వాటికి అయిదుకు అయిదు వేసిన. లైట్‌మెన్ బిడ్డకు ఒకటి వేసిన చేతితోనే. మధ్యప్రదేశ్‌ల హోషంగాబాద్ జిల్లాల 1972ల మొదలుపెట్టి, సర్కారు బడులల్లనే, ప్రయోగం చేసి నేర్చుకునే పద్ధతి ముప్పై ఏండ్లు నడిపిండ్రు. పరీక్ష కూడా దానికి తగ్గట్టే పెట్టిండ్రు, పుస్తకం తెరిచి రాయనిచ్చిండ్రు. 2002ల అక్కడి సర్కారు దాన్ని బంద్ చేసింది. పేదపిల్లల బడుల్ల అయ్యే పని కాదనేటోళ్ళకు ఆ ముప్పై ఏండ్లే జవాబు. మంచి పని ఒక్క ఉత్తర్వుతోని ఆగిపోతదనేదానికి కూడా అదే సాక్ష్యం.

సామాను లేదనకుండ్రి. మీరు కూసున్న నేల కింద ఉన్న ఈ రాయి సుమారు 250 కోట్ల ఏండ్ల కిందటిది. హిమాలయాలు దీని ముందు నిన్న పుట్టిన పిల్లలు. జూబ్లీహిల్స్‌ల ఇండ్లు కట్టేందుకు దీన్ని మందుగుండు పెట్టి పేల్చిండ్రు. మిగిలింది ఏడన్న చూడాలంటే కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుల చూడాలె, 1998ల జాతీయ పార్కు చేసిండ్రు కాబట్టి బతికింది, 390 ఎకరాల దాక ఉంటది. మా క్లాసుల వడ్డెర పిలగాడు ఒకడుండె. రాయిని సుత్తెతోని కొట్టి, ఖంగున మోగితే లోపల గట్టిదని, బొద్దుగ మోగితే పగులుందని చెప్పేటోడు. వాళ్ళ తాత మందుగుండు లేకముందు బండ మీద మంటపెట్టి, కాగినంక నీళ్ళు కొట్టి చీల్చేటోడట. వేడికి వ్యాకోచం, సల్లదనానికి సంకోచం. ధ్వని పాఠం, ఉష్ణం పాఠం రెండూ వాడే చెప్పిండు, నేను పక్కన నిలబడ్డ. బీరువా తాళంచెవి అక్కర పడలే.

లైట్‌మెన్ బిడ్డ సంగతి అడుగుతరేమో. నేను బడి వదిలేనాటికి తొమ్మిదిల ఉండె. తర్వాత వాళ్ళు బస్తీ మారిండ్రని విన్న. పది పాసైందో లేదో నాకెరుక లేదు. విలేకరినై ఇన్నేండ్లయినా, ఎవరెవరి జాడలో పట్టుకున్న గని, ఆ ఇల్లు పట్టుకోలేకపోయిన. పట్టుకునే ప్రయత్నం గట్టిగ చెయ్యలేదేమో కూడా.

ఆఖరుగ ఒక పని చెప్పి కూసుంట. మార్చి 21న, మొగులు లేకుంటే, మీ మీ బడులల్ల ఒక మీటరు కట్టె నిలబెట్టుండ్రి. ఇక్కడ నేల అంత బండే, పాతుడు కాదు, బకెట్ల ఇసుక పోసి నిలబెట్టాలె. గురుగు దారం కట్టి నిటారుగ ఉన్నదా లేదా చూసుకోండ్రి. పొద్దున పదకొండున్నర నుంచి అయిదు నిమిషాలకోసారి నీడ కొసకు పిల్లలతోని సుద్ద గుర్తు పెట్టించుండ్రి. నడి పొద్దు పన్నెండింటికని మన పుస్తకం అంటది. ఆ రోజు మన హైదరాబాద్‌ల నీడ అన్నిటికంటే చిన్నగయ్యేది 12 గంటల 24 నిమిషాల దగ్గర. మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన, మనం ఉన్నది 78.4 కాడ. ఆ తేడా పదహారు నిమిషాలు, మిగిలిన ఏడు నిమిషాలు ఎందుకో పిల్లలడిగితే మీరూ వాళ్ళూ కలిసి వెతుకుండ్రి. ఆ నీడ పొడవు 31 సెంటీమీటర్ల చిల్లర రావాలె. ఆ 31 నుంచి మనం ఉన్న అక్షాంశం, 17.4 డిగ్రీలు, బయటికి తీయొచ్చు. జూబ్లీహిల్స్ ఎత్తు మీద పెట్టినా, జ్ఞానీ జైల్‌సింగ్ నగర్ గల్లీల పెట్టినా అంతే వస్తది.

మార్చిల ఒంటిపూట బడులు ఉంటయి, పన్నెండున్నరకు గంట కొడుతరు. ఆరు నిమిషాలు మిగుల్తయి. గంట కొట్టే ఆయనకు ముందే చెప్పి పెట్టుకోండ్రి.